పాత గోడలో దొరికిన ముంత: వాట్సాప్ సలహాల్లో ఎన్ని తప్పులో

"తాతల నాటి ఇల్లు కూలుస్తున్నారా? గోడలో, గడప కింద, పునాదిలో ఏం దొరికినా పూర్తిగా మీదే. ఎవరికీ చెప్పకండి, చెబితే ప్రభుత్వం మొత్తం లాగేసుకుంటుంది. చింతపండుతో తోమి కంసాలికి చూపించండి. రాముడి బొమ్మ ఉన్న 1818 నాణెమైతే కోట్లు. బియ్యాన్ని లాగే చెంబయితే ఇక చెప్పక్కర్లేదు. తాటాకులుంటే ఎండబెట్టండి." కాస్త అటూ ఇటూగా ఈ మాటలే ఒక మెసేజ్‌గా గ్రూపుల్లో తిరుగుతూ ఉంటాయి. ఇందులో నమ్మదగ్గ సలహా ఒక్కటీ లేదు. కొన్నిటితో డబ్బు పోతుంది, ఒకదానితో జైలుకు వెళ్లే దాకా రావచ్చు.

"మీ ఇంట్లో దొరికింది పూర్తిగా మీదే"

కాదు. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం నేటికీ అమల్లోనే ఉంది. నేలలో గానీ, నేలను అంటి ఉన్న కట్టడంలో గానీ దాచిపెట్టిన విలువైన వస్తువు ఏదైనా ఆ చట్టం లెక్కలో నిక్షేపమే. ఇంటి గోడా అందులోకే వస్తుంది. విలువ 10 రూపాయలు దాటితే చాలు, చట్టం వర్తిస్తుంది. ఆ పది రూపాయలు 1878 నాటి లెక్క, కాబట్టి ఈ రోజు దాదాపు ఏ నాణెమైనా ఆ గీత దాటినట్టే. అటక మీద భోషాణంలో ముత్తాత వదిలేసిన ఇత్తడి సామాను సంగతి వేరు. అది దాచింది కాదు, ఉంచేసింది.

దొరికినవాళ్లు వీలైనంత త్వరగా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. కాగితంలో ఈ విషయాలుండాలి: ఏం దొరికింది, ఎంత లేదా సుమారు విలువెంత, ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది. వస్తువును దగ్గర్లోని ప్రభుత్వ ట్రెజరీలో అప్పజెప్పాలి, లేదా అడిగినప్పుడు తెచ్చి చూపిస్తానని కలెక్టరు కోరిన హామీ ఇవ్వాలి. అర్జీ నకలు మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోవడం మరిచిపోకండి. రేపు ఎవరైనా "దాచేశారు" అంటే మీ చేతిలో ఉండే రుజువు అదే.

"ఎవరికీ చెప్పకండి" అన్న సలహాకు ఖరీదు ఇదీ: తెలియజేయని వ్యక్తి తన వాటా మొత్తం కోల్పోతాడు, దానిపైన ఏడాది వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దాచడానికి సహకరించిన ఇంటి యజమానికి ఆరు నెలల వరకూ శిక్ష పడవచ్చు.

"ప్రభుత్వం మొత్తం లాగేసుకుంటుంది"

జనం కలెక్టరాఫీసు గడప తొక్కకపోవడానికి అసలు కారణం ఈ భయమే. చట్టంలో ఉన్నది వేరు. ముందుగా కలెక్టరు ప్రకటన ఇస్తాడు. హక్కు చెప్పుకునేవాళ్లు హాజరు కావాల్సిన తేదీ ఆ ప్రకటన నుంచి నాలుగు నెలలకు ముందు గానీ ఆరు నెలల తర్వాత గానీ ఉండకూడదు. ఆ రోజు ఎవరు దాచారు, ఎప్పుడు దాచారు అని విచారిస్తారు. గత వందేళ్లలోపు తమవాళ్లే దాచారని ఎవరైనా ముందుకొస్తే, అందుకు ఆధారం కనిపిస్తే, సివిల్ కోర్టులో తేల్చుకునే అవకాశమిస్తారు. మా తాతే దాచాడు అనేవాళ్లకు దారి ఇదే. పాత వీలునామా, పంపకాల కాగితాలు, తాత రాసిన లెక్కల పుస్తకం అప్పుడు పనికొస్తాయి.

యజమాని ఎవరో తేలని నిక్షేపం పంపకానికి వస్తుంది. దొరికినవాడికీ, ఆ స్థలం యజమానికీ మధ్య ముందే ఒప్పందం ఉంటే దాని ప్రకారం జరుగుతుంది. ఒప్పందం లేకపోతే దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి నాలుగో వంతు. అవును, ఎక్కువ వాటా దొరికినవాడిదే. యజమానులు ఈ మాట విన్నాక మెసేజ్‌ను ఇంకెంత ఉత్సాహంగా ఫార్వర్డ్ చేస్తారో మరి! ప్రభుత్వానికి ఆ వస్తువు కావాలంటే కొనుక్కోవచ్చు, కానీ ఊరికే కాదు. అందులోని లోహం విలువ, దాని మీద అయిదో వంతు అదనంగా కలిపి హక్కుదార్లకు చెల్లించాలి.

విగ్రహాల విషయంలో మరో చట్టం కూడా చూసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటినవి, చారిత్రక విలువున్న రాతప్రతులైతే 75 ఏళ్లు దాటినవి, పురావస్తువులే. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు. నోటిఫై చేసిన రకాలను రిజిస్టరు చేయించాలి.

"రాముడి బొమ్మ ఉన్న 1818 కంపెనీ అర్ధణా కోట్లు పలుకుతుంది"

ఒకవైపు రామ పట్టాభిషేకం, మరోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, అర్ధణా అన్న మాట. అలాంటి అర్ధణాను కంపెనీ ఎన్నడూ వేయలేదు. యాత్రికుల కోసం తయారైన టెంపుల్ టోకెన్లు అవి. 1616, 1717 తేదీలతో కూడా దొరుకుతాయి. 1616లో కంపెనీకి మచిలీపట్నం, సూరత్‌లలో వర్తక కేంద్రాలున్నాయి గానీ ఈ దేశంలో టంకశాల లేదు.

అలాగని దేవుడి బొమ్మ ఉన్న ప్రతిదీ నకిలీ అనుకోకండి. మద్రాసులో కంపెనీ వేసిన బంగారు వరహాల మీద విష్ణువు ఉంటాడు. బొమ్మ ఒక్కటే చూసి తేల్చడం కాదు; తేదీ, విలువ, లోహం, బరువు కలిపి చూడాలి. 1835 తర్వాత దేశమంతటికీ ఒకే రకం నాణేలు వచ్చాయి. ఆనాటి రాగి అర్ధణా 12.95 గ్రాములు, వెండి రూపాయి 11.66 గ్రాములు ఉండేలా వేశారు. రెండో దశాంశం దాకా చూపే చిన్న త్రాసు మీద పెట్టండి. అరుగుదలకు కాస్త తగ్గడం మామూలే, గ్రాముల్లో తేడా ఉంటే అనుమానించాల్సిందే.

"కొనేస్తాం, ముందు కమీషన్ కట్టండి" అని రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పేవాళ్లనూ నమ్మకండి. పాత నాణేలు, నోట్ల లావాదేవీలకు తాము ఎలాంటి రుసుమూ అడగమని ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది.

"బియ్యాన్ని లాగే చెంబు"

దీనికి ఎక్కువ మాటలు దండగ. చెంబు ఇరిడియం అనే అరుదైన లోహంతో చేసిందనీ, అందుకే బియ్యాన్ని లాగుతుందనీ నమ్మిస్తారు. ఇరిడియం ఏ గింజనూ లాగదు. గింజలకు ఇనుప పొడి పట్టించి, చెంబులో అయస్కాంతం దాచి చేసే గారడీ ఇది. తూకం వేసినా బయటపడుతుంది. ఘన సెంటీమీటరు రాగి 8.96 గ్రాములైతే ఇరిడియం 22.56. రాగిదైతే కిలో తూగే చెంబు ఇరిడియందైతే రెండున్నర కిలోలుండాలి. పైగా ఇరిడియం కరగాలంటే 2,400 డిగ్రీల సెల్సియస్ పైమాటే. ఏ కంచరి కొలిమిలో పోశారట?

"చింతపండుతో తోమండి"

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ సలహానే, ఎందుకంటే ఇది మంచి మనసుతో చేసే పని. శతాబ్దాల తేమలో ఉన్న రాగి పైపొర తుప్పుగా మారుతుంది. అసలు ఉపరితలం, దాని మీది అక్షరం, చాలాసార్లు ఆ తుప్పు పొరలోనే నిలిచి ఉంటాయి. చింతపండులోని ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది. మెరిసే లోహం మిగులుతుంది, అక్షరం అంచులు పోతాయి. మిగిలిన ఆమ్లం గీతల్లో ఉండిపోయి తర్వాత కూడా తింటూనే ఉంటుంది. ముగ్గుపిండి, విభూది అయితే గీతలు పెట్టి మరీ తీస్తాయి. తోమిన నాణేనికి సేకర్తల దగ్గర ధర కూడా తగ్గుతుంది.

పొడిగా రాలే లేత ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తే అది క్లోరైడ్ లవణాల పని. తేమ తగిలితే ఆగకుండా పాకుతుంది. ఆ ముక్కను విడిగా, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టి నిపుణులకు ఇవ్వాలి. నీళ్లు తగలనివ్వకూడదు.

శాసనం చెక్కిన రాగిరేకులు ముద్ర ఉన్న కడియంతో దొరికితే కడియాన్ని కొయ్యకండి. రేకుల వరస, ఎన్ని ఉన్నాయన్న లెక్క దాన్నిబట్టే తెలుస్తాయి. ముద్ర చూసి వంశం పోల్చవచ్చు: వరాహం, "శ్రీ త్రిభువనాంకుశ" అన్న అక్షరాలు ఉంటే వేంగీ చాళుక్యులది. శాసనాలు చదివే పని పురావస్తు శాఖ శాసన విభాగానిది, దాని కేంద్రం మైసూరులో ఉంది.

ముంత కనబడగానే పలుగు పక్కన పెట్టించండి. కదపకముందే పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. ఏ గోడ, నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం, చుట్టూ సున్నమా మట్టా రాసుకోండి. ముంత పగిలి ఉంటే ముందు గుడ్డ పేలికలతో చుట్టి, తర్వాతే ఎత్తండి. లోపలి నాణేలు విడదీయకండి. రాలిన మట్టిని సన్న జల్లెడ పట్టండి, ఎందుకంటే ఫణం అనే పాత బంగారు నాణెం గ్రాములో మూడో వంతే ఉంటుంది, కంటికి ఆనదు. ముంతలోని అన్నిటికన్నా కొత్త నాణెం తేదీకి ముందు దాన్ని దాచి ఉండరు. ఒక్క నాణెం జేబులోకి పోయినా ఆ లెక్క తప్పుతుంది.

"తాటాకులను ఎండబెట్టండి"

ఎండకు ఆకు పెళుసుబారి, వంకర తిరిగి, గంటం గీసిన చోటే చీలుతుంది. తడి గుడ్డతో తుడిస్తే గీతల్లో నింపిన మసి పోతుంది. అతుక్కున్న ఆకులను గోరుతో విడదీస్తే పై పొర ఊడి పక్క ఆకుకు అంటుకుపోతుంది. నీడలో, గాలి ఆడే చోట ఉంచి, మెత్తని బ్రష్‌తో పై దుమ్ము మాత్రమే దులిపి, ఉతికిన నూలు గుడ్డలో వదులుగా చుట్టండి. నిమ్మగడ్డి నూనె రాయడం నిపుణుల పని.

అది పురాణమే కానక్కర్లేదు, ఊరి లెక్కలు రాసిన కవిలె కట్ట కావచ్చు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ల చరిత్రల్లో, చాలా వివరాలు కవిలెల నుంచి వచ్చినవే. హైదరాబాదు, తిరుపతి, చెన్నైలలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయాలున్నాయి, అక్కడ చదివేవాళ్లు దొరుకుతారు. తాడు తెగి వరస చెదిరితే కంగారుపడి మీరే సర్దకండి. చాలా కట్టల్లో ఆకు ఎడమ అంచున తెలుగు అంకె వేసి ఉంటుంది, దాన్నిబట్టి వాళ్లు పేరుస్తారు.