వాసన వస్తే బండికి ఫోన్ చేసే ముందు ఒకసారి డాబా ఎక్కండి

మా ఇంట్లో ఆ బాత్రూమ్ వాసన ఉగాదికి ముందు మొదలై ఆషాఢం వచ్చేదాకా వదల్లేదు. మూడు నెలలు. మధురవాడలో మాది చిన్న సొంతిల్లు, కింద మేము, పైన అద్దెకున్నవాళ్లు. మా వీధికి యూజీడీ, అంటే భూమి లోపలి మురుగునీటి లైను, ఇంకా రాలేదు, అందరివీ సెప్టిక్ ట్యాంకులే. ఎవరైనా చుట్టాలు వస్తామని ఫోన్ చేస్తే చాలు, నాకు టెన్షన్ పట్టుకునేది. మా అత్తయ్యగారు పొద్దున్నే సాంబ్రాణి వేసి, దేవుడి గదిలో కంటే బాత్రూమ్ వైపు గుమ్మం దగ్గరే ఎక్కువసేపు ఆ పొగ పట్టుకుని నిలబడేవారు. ఎనభై దగ్గర పడుతున్న మనిషి. అది చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది.

మొదట వచ్చిన ప్లంబరు ట్యాంకు మూత ఎత్తి, "ఏటి మేడం, పూర్తిగా నిండిపోయింది కదా, ట్యాంకు తోడే బండిని పిలిపించండి" అన్నాడు. పిలిపించాం. నాలుగు వేలు. నాలుగో రోజుకి మళ్లీ అదే వాసన. రెండో అతను వచ్చి కమోడ్ మొత్తం మార్చాలన్నాడు. హార్డ్‌వేర్ షాపులో అడిగితే ట్యాంకులో వేయమని ఒక పౌడర్ ప్యాకెట్ చేతిలో పెట్టారు. ఇక ఫినాయిల్‌కీ యాసిడ్‌కీ అయిన ఖర్చు లెక్కే లేదు. ఇంతమంది వచ్చారు, ఇన్ని చెప్పారు, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు "అమ్మా, వాసన ఏ టైములో వస్తోంది, ఏ గదిలో ముందు తెలుస్తోంది" అని అడగలేదు. జ్వరమని వెళ్తే ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు కూడా ఎప్పటి నుంచి, చలి పెడుతోందా అని అడుగుతాడు కదా. ఇంటికి మాత్రం ఎందుకు అడగరు?

"ట్యాంక్ నిండిపోయింది" అనే మాట మీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు. సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, అది పనిచేసే తీరే అంత. బయటికి వెళ్లే గొట్టం ఏ ఎత్తులో ఉందో అక్కడిదాకా నీళ్లు నిలబడి ఉంటాయి, బరువైన మడ్డి అడుగుకి దిగుతుంది, జిడ్డూ తేలికైన చెత్తా పైన తెట్టు కడుతుంది, మధ్యలో కాస్త తేరిన నీళ్లు ఇంకుడు గుంతలోకి పోతాయి. ఇవాళ ఖాళీ చేయిస్తే కొద్ది రోజుల్లోనే మళ్లీ అదే మట్టానికి వస్తుంది. అందుకే మూత తీసి నీళ్లు చూపించి నిండింది అంటే నమ్మకండి. చూడాల్సింది అడుగున ఉన్న మడ్డి. పొడవాటి కర్ర చివర పాత తెల్ల తువ్వాలు గట్టిగా చుట్టి, నిటారుగా అడుగు దాకా దించి, కాసేపు ఉంచి తీస్తే మడ్డి ఎంతవరకు పేరుకుందో బట్ట మీద నల్లగా కనిపిస్తుంది. నీటి లోతులో అది మూడో వంతుకి వచ్చిందంటే ఖాళీ చేయించాల్సిందే. మామూలుగా ఇళ్లకి రెండు మూడేళ్లకోసారి అవసరం పడుతుంది. మూత తీసినప్పుడు మాత్రం తల వంచి లోపలికి చూడొద్దు, దగ్గర్లో అగ్గిపుల్ల గీయొద్దు, అక్కడ మీథేన్ ఉంటుంది. మావారు ఇలా కొలిస్తే మా తువ్వాలు మీద నల్ల మరక నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేదు. అదే వారం మొదటి ప్లంబరు ఫోన్‌లో "ఇంకోసారి తోడించేద్దాం మేడం" అంటున్నాడు.

అప్పుడు మా అబ్బాయి పాత రఫ్ నోట్‌బుక్ తీశాను. వాసన వచ్చినప్పుడల్లా టైము, గది, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది, ఇంతే రాశాను. పది రోజులకే తెలిసిపోయింది. పొద్దున 6 నుంచి 8 మధ్య ముందు బాత్రూమ్‌లో ఎక్కువ, అంటే పైనవాళ్లు స్నానాలు చేసి ఆఫీసులకీ బడికీ తయారయ్యే టైము. మధ్యాహ్నం దాదాపు ఉండదు. వెనక బాత్రూమ్‌లో మాత్రం టైముతో పని లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే పెరుగుతోంది. వాసన పోవాలని వేసే ఫ్యానే వాసన తెస్తోందంటే మొదట నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఒక ఆదివారం పొద్దున ముందు బాత్రూమ్‌లో స్టూలు వేసుకుని కూర్చున్నాను. పైన ఎవరో ఫ్లష్ నొక్కారు. గోడలో నీళ్లు దిగిన చప్పుడు, ఆ వెంటనే నేల మీద నీళ్లు పోయే చోట, అదే నహానీ ట్రాప్, జాలీ కింద నీళ్లు బుడబుడమన్నాయి. రెండు పెద్ద బుడగలు పైకొచ్చి పగిలాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన నేరుగా ముక్కుకి కొట్టింది. మూడు నెలల్లో మొదటిసారి అది ఎక్కడి నుంచి వస్తోందో కళ్లతో చూశాను.

నహానీ ట్రాప్‌లో, కమోడ్ వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉంటాయి, దాదాపు రెండు అంగుళాల లోతు. ట్యాంకులోని గాలికీ మన గదికీ మధ్య అడ్డుగా ఉండేది ఆ రెండంగుళాల నీళ్లే, ఇంకేమీ లేదు. పైనుంచి ఫ్లష్ నీళ్లు ఒక్కసారిగా దిగినప్పుడు ముందున్న గాలిని నెడతాయి, వెనకున్న గాలిని లాగుతాయి. ఆ గాలి వచ్చిపోవడానికే డాబా మీదికి వెంట్ పైపు పెడతారు. ఆ దారి మూసుకుపోతే గాలి మన జాలీలోంచి తోసుకుని వస్తుంది, ఒక్కోసారి ట్రాప్‌లో నీళ్లనే లాగేసుకుపోతుంది.

డాబా ఎక్కి చూస్తే మా వెంట్ పైపుకి మూత బిగించి ఉంది, చుట్టూ టేపు కూడా. పైనింటి అమ్మాయిని అడిగితే, "అవునక్కా, వడియాలు పెట్టడానికి వస్తే పక్కనే ఒకటే కంపు, మేస్త్రీ చేత పెట్టించేశాం, మీకు చెప్పడం మర్చిపోయాను" అంది. ఆ అమ్మాయి తప్పు ఏముంది చెప్పండి? ఆ పైపు నా నడుము ఎత్తు కూడా లేదు. కట్టినప్పుడే మనిషి తల దాటి, కిటికీలకి దూరంగా పెట్టాల్సిన గొట్టాన్ని రెండడుగుల్లో కోసేసి వెళ్లిపోయారు. నాకు అసలు కోపం వాళ్ల మీద. టైల్స్ ఎంపికకి ముగ్గురొచ్చి సలహాలు ఇచ్చారు, వందల రూపాయల్లో అయిపోయే గొట్టం ముక్క గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదు. మూత కోసి, కప్లర్ వేసి, నాలుగంగుళాల పీవీసీ పైపు ఇంకో ఆరడుగులు లేపి, పైన జాలీ ఉన్న టోపీ పెట్టించాం. సామానుకీ కూలికీ కలిపి, బండికి ఇచ్చిన దాంట్లో సగం కూడా కాలేదు. మర్నాడు పొద్దున పైన ఎన్నిసార్లు ఫ్లష్ నొక్కినా కింద నీళ్లు కదల్లేదు.

వెనక బాత్రూమ్ సంగతి ఇంకా చిన్నది. అది మా అబ్బాయిది, వాడు హాస్టల్‌కి వెళ్లాక ఎవరూ వాడటం లేదు. ఎండలకి ట్రాప్‌లో నీళ్లు ఆరిపోయాయి, అడ్డు పోయింది, తలుపు మూసి ఫ్యాన్ వేస్తే అది గాలి కోసం నేరుగా డ్రెయిన్ పైపులోంచే లాగుతోంది. చెంబెడు నీళ్లు పోశాను. పైన ఒక చెంచా వంటనూనె వేస్తే నీళ్లు త్వరగా ఆరవు. ఇప్పుడు ప్రతి శుక్రవారం తలుపులు కడిగేటప్పుడు ఆ జాలీలో కూడా చెంబుతో నీళ్లు పోస్తున్నాను.

ఇవి మా ఇంటి కారణాలు, మీవి వేరే కావచ్చు. మా వదినగారిది ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్, వాళ్లకి వాసన ఏసీలోంచి వచ్చేది! ఏసీ నీళ్లు పోయే సన్న గొట్టాన్ని బాత్రూమ్ డ్రెయిన్ లైనులో నేరుగా కలిపేశారు, మధ్యలో ట్రాప్ లేదు. వంటింట్లో సింకు కింద గొట్టం నేలలో రంధ్రంలోకి దూర్చి చుట్టూ ఖాళీ వదిలేసిన ఇళ్లు ఎన్నో, వాషింగ్ మెషిన్ దగ్గర కూడా అదే కథ. కమోడ్ అడుగున అనుమానం ఉంటే పసుపు కలిపిన నీళ్లు పోసి ఫ్లష్ చేసి, అడుగు చుట్టూ తెల్ల కాగితం పెట్టి చూడండి, పచ్చ తడి కనిపిస్తే జాయింటు పోయినట్టే. ముక్కు మండే ఘాటు వాసన అయితే ట్యాంకు జోలికి పోనక్కర్లేదు, టైల్స్ సందుల్లో మూత్రం ఇంకిపోయి ఉంటుంది. అక్టోబరు, నవంబరు వానల్లో మాత్రమే వచ్చి, ఫ్లష్ కూడా నెమ్మదిగా దిగుతుంటే నేలలో ఊట పెరిగి ఇంకుడు గుంత నీళ్లు తీసుకోవడం లేదని అర్థం. ఏ జాలీయో తేలకపోతే రాత్రి పాలిథిన్ కవర్లలో నీళ్లు పోసి ముడేసి ఒక్కో జాలీ మీద ఒక్కోటి పెట్టండి, రోజుకొకటి తీసి చూస్తే దొంగ దొరుకుతాడు.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నాను, యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసి ఉన్న బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. పైగా రోజూ అంతంత యాసిడ్ పోస్తే ట్యాంకులో మడ్డిని అరిగించే సూక్ష్మజీవులు కూడా చస్తాయి.

ఇంత పొడుగ్గా రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెప్తాను. ఆ రోజు బండి వచ్చినప్పుడు అడుగున గట్టిపడ్డ మడ్డి పైపుకి అడ్డం పడింది. హెల్పర్ కుర్రాడు, మా తమ్ముడి వయసుంటుంది, చొక్కా విప్పి గోడ మీద పెట్టి, లోపలికి దిగడానికి కాలు పెట్టాడు. నేను అరిచాను. "ఏటవుద్ది మేడం, రెండు నిమిషాలు, వాసన కూడా లేదు" అన్నాడు. వాసన లేదన్న ఆ ధైర్యమే ప్రాణం తీస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కుకి ఆ వాసన పట్టే శక్తే పోతుంది, మనిషి కుప్పకూలతాడు, కాపాడబోయి దిగినవాడూ పడిపోతాడు. రక్షణ సామగ్రి లేకుండా ఎవరినీ ట్యాంకులోకి దింపకూడదని 2013లోనే చట్టం వచ్చింది. ఇలా చనిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. మావారు అతన్ని చెయ్యి పట్టుకుని పక్కకి లాగారు. నీళ్లు కొట్టి, పొడవాటి గడతో కలియబెట్టి, గంట ఎక్కువ పట్టినా పైనుంచే తోడారు.

ఆ కుర్రాడు కాలు పెట్టిన ట్యాంకుకి మా వాసనతో ఏ సంబంధమూ లేదు. మూడు నెలల తర్వాత మూత బిగించిన ఆ గొట్టం ముందు నిలబడ్డప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది గోడ మీద ఉన్న అతని చొక్కా. డబ్బు పోయిందన్న బాధ తర్వాతే.

నిన్న గాజువాక నుంచి పిన్ని ఫోన్ చేసింది, వాళ్లింట్లో కూడా వాసనట, ప్లంబరు వచ్చి ట్యాంక్ నిండిందన్నాడట. బండిని పిలవొద్దు పిన్నీ, ముందు ఏ టైములో వస్తోందో రాసి పెట్టు అన్నాను. ఆదివారం పొద్దున్నే వెళ్లి వాళ్ల డాబా ఎక్కుతాను.