చెంచులక్ష్మి పుట్టింటివాళ్ళు

మెల్‌బోర్న్‌లో మన ఉగాది సభ మొదలుపెట్టే ముందు, ఈ నేల ఇక్కడి ఆదివాసులదని ఒక మాట చదువుతాం. పోయినేడు చదివింది నేనే. కాసేపటికి పిల్లలు నెమలి ఈకలు పెట్టుకుని చెంచులక్ష్మి నాట్యం చేశారు. బాగా చేశారు. నాకే ఎక్కడో గుచ్చుకుంది. మాది ఆత్మకూరు, నల్లమల అంచు. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల. ఆ చెంచులక్ష్మి పుట్టింటివాళ్ళు ఇప్పుడెట్లా బతుకుతున్నారో ఇన్నేళ్ళలో ఏ సభలోనూ నేను చెప్పలేదు.

చెంచులు నల్లమల అడవిలో బతికే ఆదివాసులు. చెంచులక్ష్మిని పెళ్ళాడిన అహోబిలం నరసింహస్వామి వాళ్ళకు అల్లుడు. పారువేట ఉత్సవంలో ఆయన పల్లకీ మీదికే బాణం వేస్తారు, అంత చనువు. శ్రీశైలం మల్లన్న వాళ్ళకు చెంచు మల్లయ్య.

చిన్నప్పుడు శివరాత్రికి జేజితో కలిసి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడిచాను. పెచ్చెరువు దగ్గర ఒక చెంచు తాత బీరుసీసాలో తేనె అమ్ముతున్నాడు. మూతకు బదులు ఆకు ఉండ. "కల్తీ లేదు గదా?" అంది జేజి. ఆయన ఏమీ అనలేదు. నా అరచేతిలో రెండు చుక్కలు వేసి నాకమన్నాడు. చెంచులు తాడు కట్టుకుని కొండచరియ మీది తేనెపట్టుకు దిగేటప్పుడు, పైన తాడు పట్టుకునేది బావమరిదేనట. అక్క పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయి కాబట్టి వదలడని లెక్క.

నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983లో టైగర్ రిజర్వ్ అయింది. పులి బతకాలి, అందులో నాకు పేచీ లేదు. పులి అడుగు చూసి ఎటు పోయిందో చెప్పే వాచర్లలో చెంచులూ ఉన్నారు. కానీ ఏటా వేలమంది యాత్రికులం నడిచి, నీళ్ళ సీసాలు పారేసి వచ్చే అడవిలో, గడ్డలు తవ్వుకునే మనిషి వల్లే పులికి ముప్పంటే ఎట్లా నమ్మేది?

2006 అటవీ హక్కుల చట్టం సాగుభూమితో ఆగలేదు. తేనె, చింతపండు లాంటివి సేకరించుకునే ఉమ్మడి హక్కు ఇచ్చింది. చెంచుల వంటి తెగలకు తమ ఆవాస ప్రాంతం మీద హక్కునూ గుర్తించింది. గ్రామసభ ఒప్పుకోకుండా పులి కోసం కూడా గూడేన్ని కదిలించకూడదంది. అయితే దరఖాస్తు రాయాలి, హద్దులు చూపాలి, కాగితం వెంట ఆఫీసుల చుట్టూ తిరగాలి. కూలి మానుకుని ఎవరు తిరుగుతారు?

మన సంఘం తరఫున చెంచు గూడేల్లో దుప్పట్లు పంచాం. ఫొటోలో మేమంతా నవ్వుతున్నాం, తీసుకున్న ముసలావిడ తప్ప. ఆ డబ్బుతో చట్టం తెలిసిన ఒక మనిషిని గూడేల వెంట ఏడాది తిప్పొచ్చు. ఈ మాటంటే కమిటీలో ఒకాయన, "మనకెందుకండీ రాజకీయం" అన్నారు. దుప్పటికి రాజకీయం ఉండదు, నిజమే. హక్కు కాగితం ఫొటోలో బాగా పడదు కూడా.

వచ్చే మీటింగు అజెండాలో ఈ సంగతి పెట్టమని మెయిల్ రాశాను. ఈ ఏటి దుప్పట్లకు కొటేషన్ అప్పటికే వచ్చేసిందట.