మేడ మీద భారీ పరిశ్రమ

ఉత్తరాంధ్రకి పరిశ్రమలు రావట్లేదని ఇంకా వాపోయేవాళ్లని విజయనగరం కంటోన్మెంట్‌లో ఓ మేడ మీద గదికి తీసుకెళ్లాలి. అక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరిన ఓ కుర్రాడి ల్యాప్‌టాప్‌లో, 16 జీబీ ర్యామ్ విస్తీర్ణంలో, ఒక బెంగళూరు కంపెనీ సాఫ్ట్‌వేర్ ప్లాట్‌ఫామ్ మొత్తం వెలిసింది. భూసేకరణ గొడవల్లేవు. ఖాళీ చేయించింది క్రోమ్ ట్యాబుల్ని మాత్రమే.

కుర్రాడికి అప్పగించిన పని బిల్లు పేజీలో బటన్ మీద 'సబ్మిట్' తీసేసి 'పే నౌ' అని పెట్టడం. దానికి ముందు లోకల్ సెటప్ కావాలి, అంటే కంపెనీ సర్వీసులన్నీ వాడి ల్యాప్‌టాప్‌లోనే నడవాలి. డేటాబేసు పోస్ట్‌గ్రెస్ 5432 నంబరు పోర్టులో, చటుక్కున కావలసినవి దాచే రెడిస్ 6379లో, సర్వీసుల మధ్య కబుర్లు మోసే కాఫ్కా 9092లో కొలువుతీరాలి. కాఫ్కా వెంట దాని బాగోగులు చూసే జూకీపర్ కూడా రావాలట. 2025లో వచ్చిన కాఫ్కా 4.0 జూకీపర్‌ని పూర్తిగా సాగనంపింది గానీ, ఆ కబురు సెటప్ సూచనలుండే కంపెనీ రీడ్‌మీ ఫైలుకి ఇంకా చేరలేదు. అది రాసిన పెద్దమనిషి ఉద్యోగం మారిపోయాడు.

విండోస్ మిషను కాబట్టి, దాని లోపల లినక్స్‌ని నడిపే డబ్ల్యూఎస్ఎల్ సగం ర్యామ్ దగ్గర గిరి గీస్తుంది. అందులో వెతుకులాట పని చూసే ఎలాస్టిక్‌సెర్చ్ కాలు చాపగానే, లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ దాన్ని మట్టుబెడుతుంది. తెర మీద 137 అని పడుతుంది. 128కి 9 కలిపితే వచ్చేది; 9 అంటే చంపెయ్యమనే సిగ్నల్. ఇంత క్లుప్తమైన మరణ ధ్రువీకరణ పత్రం ఏ మున్సిపాలిటీలోనూ దొరకదు. ల్యాప్‌టాప్‌కి గాలాడాలని వాళ్లమ్మ కింద రెండు స్టీలు గ్లాసులు బోర్లించింది. "ఏట్రా నానా, ఆ మిషినేటలా రంకెలేత్తంది?"

లాగిన్ సర్వీసు ఇంకో రకం, డేటాబేసు లేవకముందే పరుగెత్తి బోర్లాపడుతుంది. ఏయే సర్వీసులు నడవాలో చెప్పే కంపోజ్ ఫైల్లో 'డిపెండ్స్ ఆన్' అని డేటాబేసు పేరు రాశారు కదా, ఆగుతుందిలే అనుకుంటాం. ఆ మాట చూసేది కంటైనర్, అంటే సర్వీసుని పెట్టి నడిపే డబ్బా, మొదలైందా లేదా అని మాత్రమే. లోపల పోస్ట్‌గ్రెస్ కళ్లు తెరిచిందో లేదో దానికి పట్టదు. పలుకుతోందో లేదో చూసే హెల్త్‌చెక్ పెట్టి షరతు రాస్తే ఆగుతుంది. రాయలేదు.

చివరికి టీమ్ లీడ్ ఫోన్లో "వాల్యూములతో సహా డౌన్ చేసి మళ్లీ అప్ కొట్టు" అంటాడు. అంటే దాచిన డేటాతో సహా కూల్చి మొదటినుంచి కట్టడం. నవ్వే హక్కు మనకి లేదు. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన చూసిన జిల్లా మనది.

కంపోజ్ ప్రొఫైల్స్ పెట్టుకుని కావలసిన సర్వీసు ఒక్కటే లేపి, మిగతావాటి బదులు ఉత్తుత్తి జవాబులు పెట్టుకోవచ్చు కదా అని గిట్టనివాళ్లు అంటారు. బటన్ మీద మాట మారితే కాఫ్కా మనసు నొచ్చుకోదని వాళ్లు పూచీ పడగలరా? ఏ టీముకి ఆ టీము హాయిగా ఉంటుందనే కదా సాఫ్ట్‌వేర్‌ని ముక్కలు చేసుకున్నారు! అన్నీ కలిపి అతికించే పని కొత్తగా చేరినవాడికి వదిలారు. వాడికి తీరిక ఎక్కువని నమ్మకం.

ఇప్పుడు ఈ సెటప్ అంతా క్లౌడ్‌లోకి మార్చేస్తారని వినికిడి. వచ్చిన ఒక్క పరిశ్రమా తరలిపోతోందన్నమాట. అఖిలపక్షం వెంటనే కదలాలి. కనీసం జూకీపర్‌నైనా విజయనగరంలోనే ఉంచాలని వినతిపత్రం ఇవ్వాలి. ఎలాగూ దాంతో అక్కడెవరికీ పని లేదు.