యంత్రం చూసుకుంటుందట!

ఇప్పుడే చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. కంపు పోయింది గానీ కోపం పోలేదు.

పొడి చెత్త డబ్బాలో పక్కింటి పెద్దమనిషి ఒక ప్లాస్టిక్ సంచి పడేశాడు. గట్టిగా ముడి. లోపల తడి చెత్త, దాని మధ్యలో పాడైన ఫోను బ్యాటరీ! ఇదేమిటండీ అంటే చిరునవ్వు ఒకటి. "అన్నీ వేరుచేసే యంత్రాలు వచ్చాయి కదండీ, ఇంకా మనకెందుకు శ్రమ?"

అవును మరి, యంత్రం ఆయనకు బాకీ పడింది!

చెత్త వేరుచేసే ఆ కేంద్రంలో అయస్కాంతం ఇనుమును లాగేస్తుంది. అల్యూమినియం డబ్బాలు బెల్టు చివర వాటంతట అవే ఎగిరి అవతల పడతాయి. ఏ ప్లాస్టిక్ ఏ రకమో యంత్రం పరారుణ కాంతితో పసిగట్టి, ఒక్క గాలి ఊపుతో పక్కకు నెట్టేస్తుంది. నల్ల ప్లాస్టిక్ మాత్రం దాని కంటికి ఆనదు. అయినా కంపెనీలకు నలుపే ముద్దు. ఇంతటి యంత్రాన్ని ఓడించేది ఏమిటనుకున్నారు? పలచని సంచి! ఇరుసులకు పేగుల్లా చుట్టుకుంటే మొత్తం ఆపేసి, ఎవరో ఒక మనిషి లోపలికి దూరి కత్తితో కోసుకుంటూ కూర్చోవాలి. ఇక బ్యాటరీ నలిగి నిప్పు రాజుకుందా, చుట్టూ ఉన్నది ఎండు కాగితమే. ఆ మనిషి గురించి మన పెద్దమనిషి ఎప్పుడైనా ఆలోచించాడా?

అసలు ఈ కేంద్రం కడతామన్నప్పుడు వాసన వస్తుందని సంతకాలు సేకరించింది కూడా ఈయనే. డంపింగ్ యార్డు కొండలా పెరుగుతుంటే రాని వాసన! పాత అల్యూమినియం కరిగిస్తే, ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో 95 శాతం దాకా మిగులుతుంది. అట్టలు బేళ్లుగా మిల్లుకు వెళతాయి, చుట్టుపక్కల వాళ్లకు పని దొరుకుతుంది. కానీ తడిసి ముద్దైన అట్టను ఏ మిల్లు కొంటుంది?

ఇంతా చెబితే ఆయన సంచి మీది బాణాల త్రిభుజం చూపించాడు. "గుర్తు ఉందిగా!"

ఆ గుర్తు మీద నాకు ఎప్పటి నుంచో కసి. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ తెచ్చిన గుర్తు అది. లోపలి అంకె ఏ రకం ప్లాస్టికో చెబుతుంది, అంతే. మళ్లీ పనికొస్తుందని మాట ఇవ్వదు. 2013లో ప్రమాణంలో బాణాలు తీసేసి మామూలు త్రిభుజం పెట్టారు. అప్పటికే జనం బుర్రల్లో బాణాలు తిరుగుతున్నాయి. ఎవరికి లాభమో నన్ను అడగకండి.

బ్యాటరీ ఇక్కడే నా బల్ల మీద ఉంది. రేపు పొద్దున్నే తలుపు తట్టి ఆయన చేతిలోనే పెడతాను.