ఆవకాయ మీద నింద

మే నెల మిట్టమధ్యాహ్నం. టోపీ కూడా లేకుండా రైతుబజారులో గంటన్నర నిలబడి, కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు ముక్కలు కొట్టించుకొచ్చాను. సాయంత్రం మా ఆవిడ ఆవకాయ కలిపిన బేసిన్‌లోనే వేడన్నం కలిపి ముద్దలు పెట్టింది. రాత్రికి పై పెదవి ఓ మూల చురచురలాడింది.

"ఈసారి కారం ఎక్కువేశావు" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు.

తెల్లారి అద్దంలో చూస్తే ఆ మూల ఉడికిన సగ్గుబియ్యంలా నీటిపొక్కుల గుత్తి. "సాలెపురుగు పాకిందిరా" అని అమ్మ తేల్చేసింది. పక్కింటాయన టూత్‌పేస్ట్ రాయమన్నాడు. రాశాను. పొక్కులు తగ్గలేదు గానీ వాటికి పుదీనా వాసన వచ్చింది.

మర్నాడే చెల్లెలి కూతురికి ఇరవై ఒకటో రోజు బారసాల. డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

"హెర్పిస్ సింప్లెక్స్ వైరస్. చిన్నప్పుడు ఎవరో ముద్దు పెట్టుకున్నప్పుడు వచ్చి ఉంటుంది. చెవికి దగ్గరగా, పుర్రె లోపల నరాల ముడిలో నిద్రపోతుంది. ఎండ, జ్వరం, టెన్షన్, ఏదో ఒకటి లేపుతుంది."

నలభై ఏళ్లుగా అద్దె కట్టకుండా నా తలలో కాపురమన్నమాట!

"ఖాళీ చేయించలేమా?"

"కుదరదు. ప్రపంచంలో యాభై ఏళ్ల లోపు వాళ్లలో మూడింట రెండొంతుల మందికి ఉందిది. అసైక్లోవిర్ క్రీమ్ రోజుకు ఐదుసార్లు రాయండి, వారం పది రోజుల్లో మానుతుంది. చురచురలాడినప్పుడే రాసుంటే బాగా పనిచేసేది."

అప్పుడు నేను ఆవకాయతో తగాదాలో ఉన్నాను.

"పొక్కు ముట్టుకున్న చేత్తో కళ్లు నలుపుకోకండి. తువ్వాలు వేరుగా పెట్టుకోండి. పసిపిల్లకి మాత్రం ముద్దు పెట్టొద్దు. నెల లోపు పిల్లలకి ఇది ప్రాణం మీదికి తెస్తుంది." ఆ చివరి మాటకి ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

బారసాలకి మాస్క్‌తో వెళ్లాను. "ఏరా, కరోనా మళ్లీ వచ్చిందా?" అని నలుగురడిగారు. ఉయ్యాల దగ్గర పెద్దత్త పట్టుబట్టింది: "మేనమామవి, ఒక ముద్దు పెట్టుకోరా!" రెండడుగులు వెనక్కి వేసి, ఏం చెయ్యాలో తోచక పిల్లకి నమస్కారం పెట్టాను. "పసిదానిలో అమ్మవారిని చూశాడు!" అని పెద్దత్త కళ్లొత్తుకుంది. ఫొటోగ్రాఫర్ మూడు వైపుల నుంచి తీశాడు.

భోజనాల్లో మాస్క్ గడ్డం కిందికి లాగి మొదటి ముద్ద నోట్లో పెట్టానో లేదో, పెదవి భగ్గుమంది. కళ్లలో నీళ్లు. ఈసారి నిజంగా ఆవకాయే. కానీ ఎదురు బంతిలో మా ఆవిడ నన్నే చూస్తోంది.

"ఇంకాస్త వెయ్యండి, అద్భుతంగా ఉంది" అన్నాను.