రేష్ లాకిష్‌కు కౌన్సెలింగ్

పిల్లలకు కూడా మనసు ఉంటుందన్న సంగతి అమెరికాలోని యూదు పాఠశాలలలో ఎట్టకేలకు బయటపడింది. న్యూజెర్సీలో నేను లెక్కలు చెప్పే పాఠశాలలో, ఈ శుభవార్తకు గుర్తుగా, ప్రతి తరగతి గోడ మీదా ఒక నాలుగు రంగుల పటం వెలిసింది. కోపంగా ఉన్నవాడు ఎరుపు మీద, ఉత్సాహంగా ఉన్నవాడు పసుపు మీద, దిగులుగా ఉన్నవాడు నీలం మీద, నెమ్మదిగా ఉన్నవాడు ఆకుపచ్చ మీద తన పేరున్న బిళ్లను అంటించి కూర్చోవాలి. గేటు దగ్గర తుపాకీతో నిలుచున్న కాపలా మనిషిని దాటుకుని లోపలికి వచ్చి, ఉదయపు ప్రార్థన ముగించి, హీబ్రూ, యూదుల మూలగ్రంథమైన తోరా, యూదు ధర్మం మీద పాత పండితుల చర్చల సంపుటమైన తల్మూద్ ఒకవైపు, లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు మరొకవైపు, మొత్తం మీద రెండు బళ్ల చదువును ఒకే పగటిలో మోయవలసిన పదకొండేళ్ల పిల్లవాడికి, తాను ఏ రంగులో ఉన్నాడో తేల్చుకోవడానికి రెండు నిమిషాల గడువు ఇచ్చారు. నీలం మీద బిళ్ల పెట్టినవాణ్ని ఎందుకని అడగడానికి మాత్రం కాలపట్టికలో చోటు దొరకలేదు.

ఈ విద్యకు సామాజిక, భావోద్వేగ అభ్యసనం అని పేరు. 1994లో మొదలైన కాసెల్ అనే అమెరికన్ సంస్థ దీనికి అయిదు అంగాలు నిర్ణయించింది. తన్ను తాను ఎరగడం, తన్ను తాను అదుపులో పెట్టుకోవడం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, స్నేహాలు నిలుపుకోవడం, బాధ్యతగా నిర్ణయాలు తీసుకోవడం: ఈ అయిదింటిలో కాదనదగినది ఒక్కటీ లేదు. ఓర్పు బొమ్మ కింద ‘సవ్లానూత్’ అనీ, వినయం బొమ్మ కింద ‘అనవా’ అనీ హీబ్రూ చీటీలు అంటించి, ఇది మీ సంప్రదాయమేనండీ అంటూ యూదులకే అమ్మజూపే పెద్దమనుషులతోనే నాకు పేచీ. బయటి పద్ధతిని తెచ్చుకోవడం తప్పని నేను అనను. 1808లోనే మెనాహెమ్ మెండెల్ లెఫిన్ అనే పండితుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పద్ధతిని చూసి, వారానికి ఒక గుణం చొప్పున పదమూడు గుణాలకు లెక్క రాసుకునే పుస్తకం తయారుచేశాడు. తరువాత లిథువేనియాలో రబ్బీ, అంటే యూదు మతగురువు, ఇస్రాయేల్ సలాంటర్ నడవడి దిద్దుకోవడం కోసం ప్రారంభించిన ముసార్ ఉద్యమం దానిని నెత్తిన పెట్టుకుంది. అయితే ఆ లెక్కను ఎవరికి వారు, ఏళ్ల తరబడి, తమలో తాము సిగ్గుపడుతూ రాసుకోవాలి. అందులో రంగు బిళ్లలు లేవు.

మాకు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన నిపుణురాలు తల్మూద్ తరగతిని ఒకసారి తొంగి చూసి దిగ్భ్రాంతి చెందారు. పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని, ఒకే పుటను ముందు పెట్టుకుని, బల్ల గుద్దుతూ, ఒకరి మాటను మరొకరు ఖండించుకుంటున్నారు. దీనిని హవ్రూతా అంటారనీ, శతాబ్దాలుగా ఇలాగే చదువుతున్నారనీ, డెబ్బయి ఏళ్లు నిద్రపోయి లేచిన హోనీ అనే ఆయన తన్ను గుర్తుపట్టే తోటివాడు లేక చావు కోరుకున్నప్పుడు, ‘తోడైనా ఉండాలి, చావైనా రావాలి’ అని తల్మూద్‌లోనే రాసి ఉందనీ ఎవరో ఆమెకు వినయంగా మనవి చేశారు. ఆమె తన పుస్తకంలో ‘గొంతు స్థాయి ఆందోళనకరం’ అని రాసుకున్నారు.

అప్పటినుంచి నాకొక కోరిక. మూడో శతాబ్దపు తిబెరియ పట్టణం నుంచి, తల్మూద్‌లో వాదులాడుకునే పండితులైన రబ్బీ యోహనాన్‌నూ రేష్ లాకిష్‌నూ రప్పించి, మా పాఠశాల శాంతి మూలలోని మెత్తని సంచుల మీద కూర్చోబెట్టాలి. రేష్ లాకిష్ పూర్వాశ్రమంలో దోపిడీ దొంగ. యొర్దాను నదిలో స్నానం చేస్తున్న యోహనాన్‌ను చూసి నీళ్లలోకి దూకినవాణ్ని, ఆయన తన సోదరినిచ్చి పెళ్లి చేసి, చదువు చెప్పి, తనంతటి పండితుణ్ని చేశాడు. అంటే వారు బావా బావమరుదులు. కాబట్టి తరువాత జరిగినది తెలుగు పాఠకులకు వింతగా తోచకపోవచ్చు. కత్తి, బాకు వంటివి ఏ క్షణాన తయారైనట్టు లెక్క అన్న చర్చలో, కొలిమిలో కాలినప్పుడని ఒకరు, నీళ్లలో ముంచి మెరుగు పెట్టినప్పుడని ఒకరు పట్టుబట్టారు. యోహనాన్ నోరు జారి, దొంగకు దొంగతనం సంగతి బాగా తెలుస్తుంది మరి, అన్నాడు.

ఇక్కడ మా నిపుణురాలు ప్రవేశిస్తారు. ఇద్దరికీ చెరొక కాగితం ఇస్తారు. అందులో ‘నువ్వు ఫలానా మాట అన్నప్పుడు నాకు ఫలానా విధంగా అనిపించింది’ అన్న వాక్యంలో ఖాళీలు పూరించాలి. రేష్ లాకిష్ పూరిస్తాడు: ‘నువ్వు నన్ను దొంగ అన్నప్పుడు, అక్కడ దొంగల్లోనూ నన్ను నాయకుడే అన్నారు, ఇక్కడా నాయకుడే అంటున్నారు, ఇక నువ్వు నాకు చేసిన మేలేమిటి అనిపించింది.’ అంత పొడుగు పనికిరాదని, కింద ఉన్న ఎనిమిది ముఖాలలో ఒకదానికి సున్న చుట్టమని ఆమె అంటారు. తరువాత ఒక దూది బంతి తెచ్చి, బంతి ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలని నియమం పెడతారు. యోహనాన్ ఈ నియమానికి ఆధారమేమిటని అడుగుతాడు. రేష్ లాకిష్, బంతి కింద పడి ఇద్దరూ ఒకేసారి పట్టుకుంటే మాట ఎవరిదని అడుగుతాడు. ఒకే వస్త్రాన్ని ఇద్దరు పట్టుకుని నాదంటే నాదన్నప్పుడు సగం సగం పంచమన్నారు కదా అని యోహనాన్. వస్త్రాన్ని చింపవచ్చు, మాటను ఎలా చింపుతావు బావా అని రేష్ లాకిష్. ఇద్దరి కళ్లూ వెలుగుతాయి. బల్ల మోగుతుంది. పాత అవమానం ఎక్కడికో పోయింది. సరిగ్గా అప్పుడే నిపుణురాలు చప్పట్లు కొట్టి, కార్యక్రమ లక్ష్యం నుంచి పక్కకు వెళ్తున్నామని హెచ్చరించి, ఇద్దరి బిళ్లలనూ ఎరుపులోకి జరుపుతారు. ఇకమీదట ప్రతి అభ్యంతరానికీ ముందొక మెప్పు, వెనకొక మెప్పు ఉండాలని కూడా ఆదేశిస్తారు. రేష్ లాకిష్ అలవాటుగా ఒక్కో మాటకు ఇరవై నాలుగు అభ్యంతరాలు లేవదీసేవాడు కనుక, నలభై ఎనిమిది మెప్పులు పూర్తయ్యేసరికి శుక్రవారం సూర్యాస్తమయమై, పనులన్నీ ఆపే విశ్రాంతి దినం సబ్బాతు వచ్చేస్తుంది.

అసలు కథ సుఖాంతం కాదు. ఇద్దరూ పంతం వీడలేదు; రేష్ లాకిష్ జబ్బుపడి చనిపోయాడు. యోహనాన్ దుఃఖం తీర్చడానికి ఎలియాజర్ బెన్ పెదాత్ అనే సౌమ్యుణ్ని జతగా పంపారు. ఆయన ప్రతి మాటకూ, అవునండీ, మీ మాటను బలపరిచే వాక్యం ఒకటుంది, అంటూ వచ్చాడు. మా పాఠశాలలో అయితే ఆ నెల ఉత్తమ సహచరుడి పత్రం ఆయనకే దక్కేది. యోహనాన్ మాత్రం, నేను చెప్పింది సరైనదని నాకు తెలియదా, నా మాటకు ఎదురు చెప్పేవాడేడీ, అని బట్టలు చించుకుని, రేష్ లాకిష్ కోసం కేకలు వేస్తూ మతి తప్పి పోయాడు. మనిషిని మనిషి ఎంతగా కోరుకుంటాడో చెప్పడానికి ఇంతకన్నా పాఠం కావాలా? ఆ పుట మా పిల్లల సంచులలోనే ఉంది. దానిని పక్కకు నెట్టి ఎనిమిది ముఖాల కాగితం పంచారు.

అంతవరకూ నవ్వుకోవచ్చు. సహానుభూతి వారోత్సవం జరిగిన నెలలోనే, అక్షరాలు నెమ్మదిగా కూడబలుక్కునే ఒక ఆరో తరగతి పిల్లవాడి తల్లిదండ్రులకు, మీ అబ్బాయి వికాసానికి మరింత అనువైన వాతావరణం వేరొక చోట ఉండవచ్చునని ప్రేమతో తలుస్తున్నామంటూ ఉత్తరం వెళ్లింది. మార్కుల ప్రకారం సెక్షన్లు విడగొట్టే విజయవాడ, హైదరాబాదు కళాశాలలను ఎరిగినవాణ్ని గనుక, ఆ మర్యాద వెనుక ఉన్న లెక్క నాకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. నాకు మండిపోయింది ఆ తరువాతి సంగతికి. మిత్రుడు దూరమైనందుకు కలిగే దిగులును ఎలా నిభాయించుకోవాలో మిగిలిన పిల్లలకు ఒక ప్రత్యేక తరగతి పెట్టారు! వాణ్ని బయటికి పంపిన చేతులే వీళ్లకు వీడ్కోలు కార్డు మీద అతికించడానికి కాగితపు గుండెలు కత్తిరించి ఇచ్చాయి. సిగ్గు అనే భావానికి ఆ పటంలో రంగు లేకపోవడం పొరపాటు కాదేమో.

మీ గ్రంథంలోనే ఉంది కదయ్యా! ఒక గురువుకు ఇరవై అయిదుగురు పిల్లలు, నలభై అయితే ఊరి ఖర్చుతో సహాయకుడు, యాభై అయితే ఇద్దరు గురువులు అని తల్మూద్‌లోని బావా బత్రా అనే భాగంలో కొలత కట్టి రాశారు. చదివేవాడు చదువుతాడు, చదవనివాడు తోటివాడికి తోడుగా కూర్చుంటాడు అన్న, రవ్ అనే పండితుడి మాట ఆ పుటలోనే ఉంది. (కొట్టక తప్పకపోతే చెప్పు వారుతోనే కొట్టమన్న మాట కూడా దాని పక్కనే ఉంది, అది కాలంలో కలిసిపోవడమే మంచిది.) వాణ్ని గెంటెయ్యమని ఎవరూ అనలేదు. కూర్చోనివ్వమన్నారు.

తల్మూద్‌లోని మరో కథలో రబ్బీ ప్రెయిదా ఒక శిష్యుడికి ప్రతి పాఠాన్నీ నాలుగు వందలసార్లు చెప్పేవాడు. ఒకరోజు అన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ఏమైందని అడిగితే, తమరిని ఏదో పనికి పిలిచారు కదా, ఇప్పుడు లేచిపోతారేమో, ఇప్పుడు లేచిపోతారేమో అనుకుంటూ ఉండిపోయానన్నాడు శిష్యుడు. మనసు పెట్టు, చెబుతాను అని ప్రెయిదా మళ్లీ నాలుగు వందలసార్లు చెప్పాడు. ఆ శిష్యుడి బిళ్ల ఏ రంగు మీద ఉందో ఆయన చూడలేదు, అడిగాడు. అడిగి, లేవకుండా కూర్చున్నాడు.

ఇందుకు డబ్బు లేదని యాజమాన్యం అంటుంది. పటాలకూ, సంచులకూ, నిపుణురాలి విమాన ఛార్జీలకూ ఎక్కడినుంచి వచ్చిందో నేను అడగను. మొదటి పనిగా ఆ ఉత్తరం వెనక్కి తీసుకుని, ఒక సహాయక ఉపాధ్యాయుడి ఉద్యోగానికి ప్రకటన వేయండి. అర్హతలు నేనే రాసి ఇస్తాను. జీతం దగ్గర మాత్రం మీరు తల తిప్పుకోకూడదు.