ఓంగేల రక్తం చెప్పినది, చెప్పలేనిది

అండమాన్ ఆదివాసుల గురించి ఎక్కడ చదివినా ‘అరవై వేల ఏళ్లుగా ఆ దీవుల్లోనే ఉన్నారు’ అనే మాట కనబడుతుంది. ఇంత ధీమాగా చెప్పడం తొందరపాటని నా అభిప్రాయం.

ఈ చర్చకు ఊపు తెచ్చింది హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీయే. అక్కడి శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం 2005లో ‘సైన్స్’ పత్రికలో అండమాన్‌లోని ఓంగే, గ్రేట్ అండమానీస్ తెగల మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ (కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఉండే డీఎన్‌ఏ) ఫలితాలు ప్రచురించింది. ఆఫ్రికా నుంచి బయల్దేరిన తొలి మానవుల కాలం నుంచీ వీళ్లు మిగతా ప్రపంచానికి దూరంగా ఉండిపోయి ఉండొచ్చని అంచనా వేసింది. పక్కనున్న నికోబార్ దీవుల ఆదివాసులైన నికోబారీలు మాత్రం ఆగ్నేయాసియా వాళ్లకు దగ్గరని తేల్చింది. అది నిజంగా గొప్ప పని.

మనకు ఇంటిపేరు తండ్రి నుంచి వచ్చినట్టు, ఈ డీఎన్‌ఏ తల్లి నుంచి వస్తుంది. కొడుకులకూ వస్తుంది గానీ, తర్వాతి తరానికి అందించేది కూతుళ్లే. సుమారు 16,569 అక్షరాల ఈ రాతలో తరాలు గడిచేకొద్దీ అక్కడక్కడా ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పులను లెక్కగట్టి రెండు శాఖలు, అంటే తల్లి వైపు వంశాలు, ఎప్పుడు విడిపోయాయో అంచనా వేస్తారు. అండమాన్‌లో దొరికినవి ఎం31, ఎం32 శాఖలు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక ఇంటిపేరు ఐదు వందల ఏళ్ల నాటిదైతే, ఆ కుటుంబం ఈ ఊళ్లో ఐదు వందల ఏళ్లుగా ఉన్నట్టు కాదు కదా! శాఖ వయసు వేరు, దీవికి చేరిన కాలం వేరు. 2006లో అదే ‘సైన్స్’ పత్రికలో వేరే పరిశోధకులు ఎం31కి దగ్గరి చుట్టాలను ప్రధాన భూభాగంలో, రాజ్‌బంశీ జనంలో చూపించారు. అంటే ఆ శాఖ ప్రధాన భూభాగంలోనే చీలి, తర్వాతెప్పుడో సముద్రం దాటి ఉండొచ్చు.

పైగా పది తరాలు వెనక్కి వెళితే లెక్క ప్రకారం 1,024 మంది పూర్వీకులు. ఈ డీఎన్‌ఏ వాళ్లలో ఒక్క స్త్రీ నుంచి వచ్చింది. మిగతా 1,023 మంది కథ అందులో ఉండదు. అందుకే ‘ఎవరు అసలైన ఆదివాసి’ అని తేల్చడానికి ఈ టెస్టును వాడటాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

రక్తం ఇచ్చినవాళ్ల మాటేమిటి? అమెరికాలో గ్రాండ్ కాన్యన్‌లో ఉండే హవసుపాయ్ తెగవాళ్లు 1990 నుంచి డయాబెటిస్ పరిశోధన అనుకుని రక్తం ఇచ్చారు. దాన్ని పరిశోధకులు ఆ తెగ పూర్వీకుల వలసల అధ్యయనానికీ వాడారు. తాము ఆ లోయలోనే పుట్టామని నమ్మే జనం వాళ్లు. కోర్టుకెళ్లారు. 2010లో రాజీ కుదిరి, 7 లక్షల డాలర్ల పరిహారంతోపాటు మిగిలిన రక్తం శాంపిళ్లను కూడా వెనక్కి తీసుకున్నారు.

ఓంగేలు వంద మందికి కాస్త అటూ ఇటూగా ఉన్నారు. వాళ్ల పూర్వీకుల గురించి తేలిన సంగతి మొదట వాళ్ల భాషలో వాళ్లకే చెప్పాలి. పత్రికలకు ఆ తర్వాత.